మహారాజశ్రీ చుట్టిన దినపత్రిక గారి సముఖమునకు

బాలసముద్రం, హనుమకొండ

అయ్యా,

తెల్లవారుజామున గేటు మీదుగా ఎగిరి వచ్చి వాకిట్లో పడేటప్పుడు మీరు కేవలం వార్తలు మోసుకొచ్చే కాగితం. మా బాపు చదవడం ముగించి, మిమ్మల్ని గట్టిగా చుట్టి, రెండు చోట్ల రబ్బరు బ్యాండ్లు వేసి సోఫా పక్కన నిలబెట్టిన క్షణం నుంచి మాత్రం మీరు మా ఇంటి విద్యాశాఖాధికారి. రెండు నెలల వయసున్న కుక్కపిల్ల ఒకటి మా ఇంటికి వచ్చి, దానికి బుడ్డోడు అని పేరు పడినప్పటి నుంచి మీకు ఈ హోదా సంక్రమించింది. నేల తడిసినా, చెప్పు తెగినా, ఎవరి మడమ మీద పంటి గాటు కనిపించినా ముందుగా వినిపించే పేరు మీదే. మామునూరులో పశువైద్య కళాశాల ఉన్న నగరంలో కుక్కపిల్ల చదువుకు మిమ్మల్ని తొలి నిపుణుడిగా సంప్రదించడం మీ పలుకుబడికి నిదర్శనం. అంతటి పలుకుబడి గలవారి పనితీరును ఎవరో ఒకరు సమీక్షించాలి కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మీ నియామకం ఎలా జరిగిందో ముందు చెప్పుకుందాం. మా బాపు ప్రభుత్వ పాఠశాలలో చాలా ఏళ్లు లెక్కలు బోధించి పదవీ విరమణ చేశారు. ఆ కాలంలో ఆయన చేతిలో మీ స్థానంలో బెత్తం ఉండేది. 2009 నాటి విద్యాహక్కు చట్టం, తన 17వ సెక్షన్‌లో, పిల్లలను శారీరకంగా దండించడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించడంతో బెత్తానికి ఉద్యోగం పోయింది. ఆ చట్టంలో కుక్కపిల్లల ప్రస్తావన లేదన్న ఒకే ఒక్క అర్హతతో మీరు ఖాళీలోకి వచ్చారు. ఎవరైనా అభ్యంతరం చెబితే బాపు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది: "ఇది దెబ్బ గాదు, ఉత్త సప్పుడు. సప్పుడుకే బుద్ధొస్తది." ఆ చప్పుడు విన్న ప్రతిసారీ బుడ్డోడు దివాను కిందికి దూరుతున్నాడు. దాన్ని బుద్ధి రావడమంటారో, పారిపోవడమంటారో మీరే ఏదో ఒక సంపాదకీయంలో తేల్చాలి.

మీ ఉద్యోగంలోని అసలు చిక్కు ఏమిటంటే, ఒకదానికొకటి పొసగని రెండు పదవులను మీరు ఏకకాలంలో నిర్వహిస్తున్నారు. రాత్రి పడుకునే ముందు వంటింటి మూలన మీ నిన్నటి సంచికను విప్పి పరుస్తాం. బుడ్డోడు దాని మీద మూత్రం పోస్తే అమ్మ వాడిని మెచ్చుకుని, ఉడికిన గుడ్డు ముక్క పెడుతుంది. పనికి చోటు ఎంచుకోవడంలో కుక్కపిల్లకు కాళ్ల కింద తగిలే స్పర్శ, ముక్కుకు తెలిసే వాసన ముఖ్యం కనుక, కాగితం అంటే మరుగుదొడ్డి అని వాడు చక్కగా గ్రహించాడు. ఆదివారం పొద్దున బాపు చాప మీద కూర్చుని మిమ్మల్ని పేజీలుగా విప్పి పరుచుకుని, కళ్లజోడు కోసం లోపలికి వెళ్తారు. బుడ్డోడు వచ్చి, రాత్రి నేర్చుకున్న పాఠాన్ని ఒక్క తప్పు లేకుండా, సరిగ్గా జిల్లా పేజీలో ఎనుమాముల మార్కెట్ ధరల మీద అప్పజెప్తాడు. అప్పుడు మీలోని మిగిలిన పొడి పేజీలే చుట్టుకుని వాడి మీదికి లేస్తాయి. రాత్రి బహుమతి తెచ్చిపెట్టిన కాగితమే పగలు శిక్ష వేస్తుంటే, ఆ రెండింటికీ మధ్య ఉన్న ధర్మసూక్ష్మాన్ని గ్రహించడం రెండు నెలల ప్రాణికి సాధ్యమా?

"తప్పు జేసిన్నని దానికి ఎర్కనే. మొకం జూడు ఎట్ల వెట్టిందో," అని బాపు అంటారు. చెవులు వెనక్కి వాల్చి, చూపు పక్కకు తిప్పి, తోక కాళ్ల మధ్యకు ముడుచుకున్న ఆ ముఖమే మీ తరఫున హాజరయ్యే ప్రధాన సాక్షి. ఈ సాక్ష్యం నిలబడదని అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు 2009లోనే చూపించారు. తినవద్దని చెప్పి, తినుబండారం ముందుపెట్టి, యజమానులను గది నుంచి బయటకు పంపి, వారు తిరిగి వచ్చాక కొన్నిసార్లు కుక్క తిన్నదనీ కొన్నిసార్లు తినలేదనీ నిజంతో నిమిత్తం లేకుండా చెప్పి చూశారు. నేరస్థుడి ముఖం కనిపించింది తిన్న కుక్కల్లో కాదు, తిట్లు పడిన కుక్కల్లో. అందులోనూ ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్నవాటి ముఖాలే మరింత దీనంగా ఉన్నాయి. (కార్యాలయాల్లో పనిచేసిన వారెవరికీ ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.) బుడ్డోడు ముఖంలో కనిపిస్తున్నది పశ్చాత్తాపం కాదు. ఎత్తిన చేతినీ, పెరిగిన గొంతునూ, చుట్టుకున్న మిమ్మల్నీ చూసి కలిగిన భయం మాత్రమే.

పైగా మీరు ఎప్పుడూ ఆలస్యంగా వస్తారు. మడుగు కనిపించేది అరగంట తర్వాత; నేరస్థుడిని పిలిపించి, ముక్కును ఆ తడికి ఆనించి, మీ చప్పుడు వినిపించేసరికి వాడు ఆ సంగతి మరిచిపోయి, మూలనున్న చీపురు గురించి ఆలోచిస్తుంటాడు. మెప్పు గానీ మందలింపు గానీ పని జరిగిన ఒకటి రెండు క్షణాల్లోనే అందకపోతే కుక్కపిల్ల ఆ రెంటినీ ముడిపెట్టుకోలేదు. మీ ఆలస్యపు బోధన నుంచి వాడు నేర్చుకున్నది ఒక్కటే: మనుషులు చూస్తుండగా పోయరాదు. అందుకే ఇప్పుడు బీరువా వెనక్కి వెళ్లి పోస్తున్నాడు. మేము దాని మీద ఫినాయిలు చల్లి శుభ్రమైందని సంతోషిస్తున్నాం; మన ముక్కుకు అందని పాత వాసన వాడి ముక్కుకు అందుతూనే ఉంది కనుక మళ్లీ అక్కడికే వెళ్తున్నాడు. మూత్రపు వాసనను మూలంలో విరిచే ఎంజైము ద్రావకాలు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. ఇక రెండు నెలల పిల్ల పగటిపూట రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగియగానే బయటకు తీసుకెళ్లి, పని అక్కడే కానిచ్చిన వెంటనే గుడ్డు ముక్క పెట్టాలి. ఇందులో మీకు కేటాయించదగిన పాత్ర ఏదీ నాకు కనిపించలేదు.

పళ్ల సంగతిలో మీ ప్రతిష్ఠకు మరింత భంగం కలిగింది. బుడ్డోడికి ఇరవై ఎనిమిది పాలపళ్లున్నాయి. నాలుగో నెల అటూ ఇటూగా అవి ఊడటం మొదలై, ఏడో నెల వచ్చేసరికి వాటి స్థానంలో నలభై రెండు గట్టి పళ్లు వస్తాయి. అంతవరకూ చిగుళ్ల దురదకు మంచం కోడు, సెల్ ఛార్జర్ వైరు, చిన్నోడి స్కూలు బూటు అన్నీ సమానమే. ఎదురింటి పెద్దమనిషి మంచం కోళ్లకు కారం పూయమన్నారు. కళ్లలో పడితే పసిప్రాణం విలవిల్లాడుతుందని అమ్మ ఒప్పుకోలేదు గాని, మా ఇంట్లో ఉన్నది 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిరప. దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ కనుక మహా అయితే కోళ్లు ఎర్రబడేవి. అప్పుడు మిమ్మల్ని రంగంలోకి దింపారు. బుడ్డోడు మీ అంచును పళ్లతో పట్టుకుని, వెనక కాళ్లు బిగించి, గుర్రుమంటూ లాగడం మొదలుపెట్టాడు. బాపు ఇటు లాగారు, వాడు అటు లాగాడు, క్రీడల పేజీ రెండుగా చీలింది. శిక్ష వేయడానికి వచ్చిన మీరు ఆ ఇంట్లోకెల్లా ఇష్టమైన ఆటవస్తువుగా మారారు. అదే కాటుకు, తోబుట్టువుల మధ్య పెరిగే పిల్లకు దొరికే జవాబు వేరు: గట్టిగా కొరికితే అవతలిది కీచుమని ఆట ఆపి వెళ్లిపోతుంది. మనమూ ఆట ఆపి, చేయి వెనక్కి తీసుకుని, కాసేపు పట్టించుకోకుండా ఉండి, తర్వాత కొరకదగిన తాడో తడిపి చల్లబరిచిన బట్టముక్కో అందిస్తే చాలు. ఒక్క సంగతిలో మాత్రం హాస్యం వద్దు: పంటి గాటు ఎంత చిన్నదైనా సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, డాక్టరుకు చూపించాలి. రేబిస్ వ్యాధికి కుక్కపిల్ల, పెద్ద కుక్క అన్న తేడా లేదు.

మా బావ మిమ్మల్ని రాజదండంగా సమర్థిస్తాడు. "కుక్క తోడేలు జాతి బావా, లీడరెవరో సూపెట్టకుంటే నెత్తినెక్కుతది," అని ఏదో వీడియో చూసి చెప్పాడు. ఆ సిద్ధాంతానికి మూలం, 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన వ్యాసం. దానికి ప్రచారం కల్పించినవారిలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో తానే సవరణ ప్రకటించారు: అడవిలో తోడేళ్ల గుంపు అంటే పెత్తనం కోసం పోట్లాడే ముఠా కాదు, చాలావరకు తల్లి, తండ్రి, వాటి పిల్లలు. మీరైతే ఏ తప్పుకైనా మర్నాడే లోపలి పేజీ మూలన సవరణ వేస్తారు కదా. మా బావ దాకా ఈ సవరణ ఇంకా చేరలేదు.

నా అసలు ఆందోళన మీరు తినేస్తున్న కాలం గురించి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ రోజుల్లో భయం లేకుండా చూసినవి జీవితాంతం మామూలు సంగతులవుతాయి. టీకాల వరుస పూర్తయ్యేదాకా పార్వో అనే వైరస్ జబ్బు భయంతో వీధి నేల మీద దించకూడదు కనుక చంకనెత్తుకుని భద్రకాళి చెరువు బండ్ దాకా తీసుకెళ్లి, ఆటోల మోత, పిల్లల కేకలు, దూరంగా మోగే డప్పు వినిపించాల్సిన సమయమిది. ఈ కీలకమైన వారాల్లో మనిషి చెయ్యి పైకి లేస్తే వణకాలన్న ఒక్క పాఠాన్నే మీరు శ్రద్ధగా నేర్పుతున్నారు. రేపు అదే చెయ్యి టీకా కోసం పట్టుకోబోతే వాడు కరుస్తాడు. ఆ నేరానికీ మళ్లీ మిమ్మల్నే పిలుస్తారు.

ఈ కారణాల వల్ల మీ సేవలను సవరిస్తూ ఇంటి పెద్దల ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. చుట్టుకునే పదవి తక్షణం రద్దవుతుంది. రబ్బరు బ్యాండ్లు అమ్మ స్వాధీనమవుతాయి. పరుచుకునే పదవి కొంతకాలం కొనసాగుతుంది: వంటింటి మూల నుంచి రోజుకు జానెడు చొప్పున వెనక తలుపు వైపు జరుగుతూ, గడప దాటి, జామచెట్టు కింది మట్టిలోకి చేరుకుంటారు. అక్కడ మీ విస్తీర్ణం సగానికి, ఆ పైన పావుకు తగ్గి, చివరకు మట్టి ఒక్కటే మిగులుతుంది. తడిసిన సంచికలను పాత పేపర్లు కొనే ఆయన తీసుకోనన్నాడు కనుక పింఛను సౌకర్యం కల్పించలేకపోతున్నందుకు చింతిస్తున్నాను.

బాపు ప్రతిపాదనను రెండుసార్లు చదివి, ఎర్ర పెన్నుతో ఒక అక్షరదోషం దిద్దారు. సంతకం పెట్టలేదు, తిరస్కరించనూ లేదు. "దోమల కోసమన్న ఒకటి ఉండనియ్యి," అన్నారు. దోమల విషయంలో మీ బోధన పద్ధతి మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు.

ఇట్లు,
మీ చందాదారు