పంది కిడ్నీ వచ్చేదాకా ఆగాలా?

మా దేవరకొండ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నా రెండేళ్లే పనిచేస్తుందట. ఇచ్చినవాళ్లు మూలన పడతారట. బ్లడ్ గ్రూపు కలవకపోతే దారే లేదట. అమెరికాలో పంది కిడ్నీలు వచ్చేశాయి కాబట్టి అప్పటిదాకా డయాలసిస్‌తో నెట్టుకురమ్మని సలహా. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు నల్లగొండ వెళ్లే మా బావ అది చదివి, "ఆగుదాంలే బామ్మర్దీ" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నా.

రెండేళ్ల మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. అరవై ఏళ్ల కింద రెండేళ్లు నిలవడమే గొప్ప. 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే చేసిన మొదటి విజయవంతమైన మార్పిడి అచ్చుగుద్దినట్టుండే కవలల మధ్య జరిగింది. అందుకే ఒంటికి ఆ కిడ్నీ పరాయిదనిపించలేదు. మిగతావాళ్లలో శరీరమే కొత్త కిడ్నీ మీద దాడి చేసేది. ఆ దాడిని అణిచే మందులు, 1980ల్లో సైక్లోస్పోరిన్, తర్వాత టాక్రోలిమస్ వచ్చాక లెక్క మారింది. ఇప్పుడు బతికున్న దాత ఇచ్చిన కిడ్నీ సగటున 15 నుంచి 20 ఏళ్లు నడుస్తోంది. మాత్రలు మాత్రం రోజూ టైముకు పడాల్సిందే. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేసి కిడ్నీ పోగొట్టుకునేవాళ్లున్నారు. రెండేళ్ల కథలు కొన్ని అక్కడే పుడుతున్నాయని నా అనుమానం.

దాత సంగతే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది, ఇస్తానంటున్నది మా అక్క కాబట్టి. ఒక కిడ్నీ తీస్తే పని సగానికి పడిపోదు. మిగిలింది కాస్త పెరిగి, రెండూ కలిసి చేసిన పనిలో 70 శాతం దాకా ఒక్కటే చేస్తుంది. 1995లో లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్, మొదలయ్యాక పక్కలో పెద్ద కోత కూడా తప్పింది. నెలన్నర బరువులెత్తకుండా ఉంటే తర్వాత నాట్లకూ పోవచ్చు. ప్రమాదం అసలే లేదంటే అదీ అబద్ధమే: ముందుముందు దాత కిడ్నీ చెడిపోయే అవకాశం కొంచెం పెరుగుతుంది, అయినా నూటికి ఒకరికన్నా తక్కువే. ఏటా పరీక్షలు చేయించుకోవాలి. మన దేశంలో ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. దాని మీద మెసేజ్ మాత్రం ఎవరూ రాయరు.

ఇక బ్లడ్ గ్రూపు సంగతి. గ్రూపు కలవని రెండు రోగి-దాత జంటలు దాతలను మార్చుకోవచ్చు. గ్రూపు కలవకపోయినా మార్పిడి చేసే పద్ధతీ ఉంది, ఖర్చు ఎక్కువ. ఇంట్లో దాత లేకపోతే, చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోవచ్చు.

ఇక పంది కిడ్నీ. 2024 మార్చిలో బోస్టన్‌లోనే, 69 చోట్ల జన్యువులు సవరించిన పంది కిడ్నీని ఒక రోగికి అమర్చారు. ఆయన రెండు నెలలైనా నిండకుండానే చనిపోయాడు, కిడ్నీ వల్ల కాదని ఆసుపత్రి చెప్పింది. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్‌లో ఇంకొకరికి పెట్టింది 130 రోజులు పనిచేసింది, ఒళ్లు ఒప్పుకోకపోవడంతో తీసేశారు. ఇది గొప్ప ముందడుగే, కాదనను. కానీ నల్లగొండ డయాలసిస్ బెడ్డు మీదున్న మనిషి దానికోసం కూర్చోవడం, చెరువు నిండేదాకా నారు పోయనన్నట్టే. పైగా డయాలసిస్‌లో ఏళ్లు గడిచేకొద్దీ గుండె, రక్తనాళాలు దెబ్బతింటాయి. తర్వాత మార్పిడి చేసినా ఫలితం తగ్గుతుంది.

మంగళవారం బావకు డయాలసిస్ లేదు. అక్క పరీక్షలకు ఆ రోజే హైదరాబాద్ బస్సెక్కుతున్నాం. ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.