మిగిలిన పులిహోర

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపిన ఉగాది రాత్రి పదిన్నరకి ఆడిటోరియం వెనక పార్కింగ్‌లో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. 5 ట్రేల పులిహోర, 2 ట్రేల బొబ్బట్లు వ్యాన్‌లో పెట్టుకుని, ఇల్లు లేనివాళ్ళుండే షెల్టర్‌కి వెళ్ళిన మన కుర్రాళ్ళు వాటితోనే తిరిగొచ్చారు. "తీసుకోం అన్నారక్కా" అన్నాడు ఒకడు, మొహం చిన్నబుచ్చుకుని. ఇక వాట్సాప్ గ్రూప్ మూడు రోజులు కుతకుతలాడింది. మన తిండంటే చులకన అన్నారు, వాసనంటే పడదన్నారు, ఆహార దానం మీద 1996లో వచ్చిన చట్టం లింకులు పెట్టారు. చివరికి కమిటీ తేల్చేసింది: ఇకమీదట సేవా దినానికి పిజ్జాయే.

ఆ రాత్రి కంటే ఈ పిజ్జా తీర్మానమే నన్ను ఎక్కువ గుచ్చింది.

ఆ చట్టం, మంచి మనసుతో ఇచ్చినవాళ్ళ మీద కేసు పడకుండా కాపాడుతుంది. ఇచ్చిందల్లా తీసుకుని తీరాలని ఎవరినీ బలవంతపెట్టదు. వండిన పదార్థం బయట 2 గంటలకు మించి ఉంచొద్దని ఇక్కడి వ్యవసాయ శాఖే చెబుతుంది. మన పులిహోర మధ్యాహ్నం మూడింటికి వండింది. పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, స్పాన్సర్లకు శాలువాలు, అన్నీ చూసింది పాపం. పులిహోర అంత తొందరగా పాడవదని నాకూ తెలుసు, రైలు ప్రయాణాలకి అడ్డాకుల్లో కట్టుకెళ్ళిన ఇంటిదాన్నే. కానీ ఆ వేళప్పుడు తలుపు తీసినావిడకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంకో మాట, కోపం వచ్చినా సరే. నిన్నటి అన్నం పనిమనిషికి వేరే గిన్నెలో పెట్టి, పుణ్యం చేశామనుకున్న ఇళ్ళు మనవి. మా ఇల్లూ అంతే. ఆ గిన్నె పెరటి అరుగు మీద బోర్లించి ఉండేది, గడప దాటి లోపలికొచ్చేది కాదు. దాన్నే అల్యూమినియం ట్రేగా మార్చి ఇక్కడికీ తెచ్చుకున్నామేమో.

పోయిన అక్టోబరులో మేం ముగ్గురం ఆ షెల్టర్ వంటగదిలోనే వండాం. అక్కడి వంటగది చూసుకునే ఆవిడ ప్రతి పొట్లం మీదా రాసింది చదివింది. ముందు పల్లీలు పక్కకి పోయాయి. తర్వాత కళ్ళజోడు సర్దుకుని ఇంగువ డబ్బా తిప్పి చూసి, "ఇందులో గోధుమ ఉంది" అంది. 20 ఏళ్ళుగా అదే డబ్బా కొంటున్నాను, ఒక్కసారీ చదవలేదు! పల్లీల్లేవు, ఇంగువ లేదు. అదేం పులిహోర అనేది మా అమ్మ. పోపులో ఎండుమిర్చి వేగగానే అందరికీ దగ్గు. పెరుగన్నం ఎవరూ ముట్టలేదు, ఆ బాధ ఇంకా పోలేదు. పులిహోర మాత్రం గరిటెడు మిగల్లేదు. ఒక పెద్దాయన కరివేపాకు కూడా నమిలేసి, మిరపకాయ తినకూడదని ముందే చెప్పొద్దా అని నన్ను కోప్పడ్డాడు. కాసేపటికి మళ్ళీ ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డాడు.

పిజ్జా వైపూ న్యాయం ఉంది. ఫోన్ చేస్తే వస్తుంది, పిల్లలు తింటారు, ఎవరికీ నడుం నొప్పి లేదు. కానీ ప్రతి వేదిక మీదా డొక్కా సీతమ్మ గారి పేరెత్తుతామే! ఆవిడ గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా పొయ్యి వెలిగించిన మనిషి.

వచ్చే నెల రెండో శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆ వంటగది మనకిస్తామన్నారు. చింతపండు పిసకడానికి ఇద్దరు, అన్నం ఆరబోయడానికి ఇద్దరు వస్తే చాలు. జుట్టుకి నెట్, చేతులకి గ్లవ్స్ వాళ్ళే ఇస్తారు. కమిటీ వారు ఆ ఒక్క శనివారానికి పిజ్జా ఆర్డర్ ఆపండి, దణ్ణం పెడతాను. పెరుగన్నం జోలికి ఈసారి పోను. ఇంగువ నేనే తెస్తాను, గోధుమపిండి కలపనిది.