సవరణ: బిర్లా ప్లానెటేరియంలో చూపేది టెలిస్కోపు ఆకాశం కాదు

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం గురించిన గత పోస్టులో ‘షోలో పిల్లలకు టెలిస్కోపుతో శని వలయాలు చూపిస్తారు’ అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. షోలో కనిపించేది గోపురం లోపలివైపు ప్రొజెక్టర్ పరిచే ఆకాశం. అందుకే మిట్టమధ్యాహ్నమైనా, మబ్బు పట్టినా నక్షత్రాలు కనిపిస్తాయి. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి, టెలిస్కోపు ఏదని వెతుక్కుని చిన్నబుచ్చుకోరు. చీకటంటే భయపడే చిన్నవాళ్లకు దీపాలు ఆర్పేస్తారని కూడా చెప్పాలి.

ఇంకోటి, ప్లానెటేరియం మొదలైంది 1985లో. పోస్టులో పడిన 1990 పక్కనున్న సైన్స్ మ్యూజియంది. రెంటికీ టికెట్లు వేరు. మ్యూజియం మాత్రం వదలకండి: మన గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర తవ్వితీసిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడే ఉంది.