స్టేడియం కూలింది, అప్పు కూలలేదు

(న్యూజెర్సీ స్పోర్ట్స్ అండ్ ఎక్స్‌పోజిషన్ అథారిటీ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 1971లో చట్టంతో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. ఈస్ట్ రూథర్‌ఫర్డ్ ప్రాంతపు చిత్తడి నేలల్లో గుర్రప్పందేల మైదానం, అమెరికన్ ఫుట్‌బాల్ కోసం జెయింట్స్ స్టేడియం, ఇండోర్ అరీనా కట్టి నడిపింది. దానివల్ల ప్రజలకు జరిగింది మేలా, నష్టమా అన్నది వాదాంశం.)

వాది: జెయింట్స్ స్టేడియాన్ని 2010లో నేలమట్టం చేశారు. తెరిచి 34 ఏళ్లే అయింది. గోడలు పోయాయి, గ్యాలరీలు పోయాయి, అప్పు మాత్రం పది కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. లేని స్టేడియానికి జనం వాయిదాలు కట్టాల్సి వచ్చింది. ఈ సంస్థను ఎలా వెనకేసుకొస్తారు?

ప్రతివాది: మీరు కథ చివరి పేజీ నుంచి చదువుతున్నారు. గవర్నర్ విలియం కేహిల్ హయాంలో అథారిటీ పుట్టినప్పుడు అక్కడ ఉన్నది చెత్త పారబోసే బురద నేల. తొలి అధ్యక్షుడు సానీ వెర్బ్లిన్‌ది చక్కని లెక్క: పందేల మీద వచ్చే ఆదాయంతో స్టేడియం అప్పు తీర్చాలి. 1976 సెప్టెంబరులో పందేల మైదానం, అక్టోబరులో స్టేడియం తెరిచారు. మొదట్లో ఆదాయం దండిగానే వచ్చింది.

వాది: అప్పు కోసం అథారిటీ అమ్మిన బాండ్లు కొనడానికి మదుపుదారులు వెనకాడితే, అవసరమైతే ఆదుకుంటామని రాష్ట్రం నైతిక హామీ (చట్టం బలవంతపెట్టలేని మాట) ఇచ్చింది. ప్రజల పూచీకత్తు మొదటి రోజు నుంచే ఉందన్నమాట.

ప్రతివాది: అథారిటీని ఏర్పరచిన చట్టం చెల్లుతుందని రాష్ట్ర సుప్రీంకోర్టు 1972లోనే తేల్చింది. పోనీ, కాగితాలు పక్కన పెట్టండి. 1977 అక్టోబరు 1న ఆ స్టేడియంలో సాకర్ ఆటగాడు పెలే వీడ్కోలు మ్యాచ్ జరిగింది. వాన పడుతోంది. మొదటి సగం న్యూయార్క్ క్లబ్ కాస్మోస్ తరఫున, రెండో సగం తాను పెరిగిన బ్రెజిల్ క్లబ్ శాంటోస్ తరఫున ఆడాడు. దాదాపు 75,000 మంది తడుస్తూ కూర్చున్నారు. ఆరేళ్ల కిందట ఆ చోట ఇలాంటిది జరుగుతుందని ఎవరైనా ఊహించారా?

వాది: పెలేను చూడటం భాగ్యమే, కాదనను. కానీ ఆ సాయంత్రం బాండ్ల వడ్డీ తీర్చదు. మరుసటి ఏడాదే ఇదే రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీలో క్యాసినోలు మొదలయ్యాయి. జూదానికి వచ్చే డబ్బు క్రమంగా అటు మళ్లింది. మీ వెర్బ్లిన్ లెక్క నిలబడింది ఒకే స్తంభం మీద, అదే బీటలు వారింది. భారం తగ్గించుకోవాల్సిన సమయంలో మాన్‌మత్ పార్కు అనే మరో గుర్రప్పందేల మైదానం, అట్లాంటిక్ సిటీ కన్వెన్షన్ సెంటర్ కూడా నెత్తికెత్తుకున్నారు. పాత బాండ్ల స్థానంలో కొత్త బాండ్లు వేసి, తీర్చాల్సిన గడువును తర్వాతి తరం మీదికి జరిపారు. నాకు కోపం తెప్పించేది ఇదే.

ప్రతివాది: అది పాలకుల తప్పు, సంస్థది కాదు.

వాది: బోర్డు సభ్యులను నియమించేది గవర్నరే కదా! రెంటినీ ఎలా విడదీస్తారు? అరీనా సంగతే చూడండి. 1981లో తెరిచారు. నెట్స్ (బాస్కెట్‌బాల్), డెవిల్స్ (ఐస్ హాకీ) జట్లు వచ్చాయి. తర్వాత నెవార్క్ నగరం సొంత డబ్బు కలిపి కొత్త అరీనా కట్టించింది. 2007లో డెవిల్స్, 2010లో నెట్స్ అటు వెళ్లిపోయాయి. కొద్ది మైళ్ల దూరంలో ప్రజాధనం ప్రజాధనంతోనే పోటీ పడింది. 2015లో పాత అరీనా తలుపులు ప్రేక్షకులకు మూసేశారు.

ప్రతివాది: ఆ దెబ్బ అథారిటీ కొట్టింది కాదు, తిన్నది. పైగా అది పాఠం నేర్చుకుంది. 2010లో తెరిచిన మెట్‌లైఫ్ స్టేడియానికి అయిన 160 కోట్ల డాలర్లు అక్కడ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు జెయింట్స్, జెట్స్ భరించాయి. నేల మాత్రం ప్రజలదే. అక్కడే 2014 సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) జరిగింది. 2026 సాకర్ ప్రపంచకప్ ఫైనల్‌కు ఫిఫా ఎంచుకున్నదీ ఆ స్టేడియాన్నే.

వాది: నేల ప్రజలది, స్టేడియం ఆదాయం జట్లది. పాత అప్పు ఎవరిది?

ప్రతివాది: ప్రజలదే, ఒప్పుకుంటాను. అందుకే 2008లో ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించారు. రాష్ట్ర బడ్జెట్‌తో తీర్చాల్సిన అప్పులను ఇలాంటి సంస్థలు కొత్తగా తేవాలంటే ముందు ఓటర్లను అడగాలి.

వాది: ఆ ప్రశ్న 1971లో అడిగి ఉంటే స్టేడియం కట్టేవారా?

ప్రతివాది: కట్టేవారనే నా నమ్మకం. కాకపోతే బాకీ తీరే తేదీని ముందే రాయించుకునేవారు.