పుష్కరం లెక్క అడిగితే కళ్ళు పోవు

డిసెంబరు సేవా కార్యక్రమాల్లో మన ప్రవాస తెలుగు సంఘం వాళ్ళం కోనసీమలో ఓ హైస్కూల్లో పెట్టిన సభ గొడవ వచ్చినవాళ్ళకి తెలుసు, రానివాళ్ళకి వాట్సాప్‌లో సగం అందే ఉంటుంది. సైకిళ్ళు పంచడం అయ్యాక మన పెద్దాయనొకరు మైకు పుచ్చుకుని, ఋషులు ఎప్పుడో చెప్పినవే ఇప్పుడు నాసా వాళ్ళు కనుక్కుంటున్నారని అరగంట వాయించి, ప్రశ్నలుంటే అడగమన్నారు. పదో తరగతి పిల్ల లేచి, "గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 11.86 ఏళ్ళేనని మా సారు చెప్పారండి, మరి పుష్కరం పన్నెండేళ్ళకి ఎందుకొస్తుందండీ?" అంది. "దేవుడి విషయాల్లో లెక్కలు అడక్కూడదమ్మా, కళ్ళు పోతాయి" అన్నారీయన. వేదిక మీద నవ్వులు, చప్పట్లు. పిల్ల కూర్చుండిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ పూట అక్కడ వినబడిన సైన్సు ఆ ఒక్క ప్రశ్నే, పైగా దానికి జవాబు మన పంచాంగంలోనే ఉంది. పన్నెండేళ్ళన్నది వాడుకలో మాట, గోదావరికి అసలు ముహూర్తం గురుడు సింహరాశిలో అడుగుపెట్టే రోజు. గోదావరి పుష్కరాలు 2003లో జూలై 30న మొదలయ్యాయి, 2015లో జూలై 14న, రాబోయేవి 2027లో జూన్ 26న. చూశారా, తేదీ ఎలా వెనక్కి జరుగుతోందో! ఆ పిల్ల అడిగిన తేడా అక్కడే ఉంది. అది పోగుపడి ఎప్పుడో ఓసారి పన్నెండు కాస్తా పదకొండవుతుంది. గురుడి రాశిని బట్టే జరిగే హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2021లోనే రావడం ఈ లెక్కతోనే.

ఇలా చెప్పగలిగిన సిద్ధాంతిగారు మా ఊళ్ళో ఉండేవారు. 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం నాడు ఊరంతా తలుపులు బిగించుకుంది, మా నాయనమ్మ ఆవకాయ జాడీల దగ్గర్నుంచి మంచినీళ్ళ బిందె దాకా దర్భలు వేసింది. మేం కుర్రాళ్ళం పెరటి దారిన ఆయన అరుగు మీదికి చేరాం. పట్టు స్నానం కాలవలో చేసి తడిబట్టతో జపంలో కూర్చున్న మనిషి, మమ్మల్ని తిడతారనుకుంటే, జపం ఆపకుండా వేలితో మామిడిచెట్టు కింద నేల చూపించారు. ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోయాయి! వందల నెలవంకలు, మా కాళ్ళ మీద, కోళ్ళ గంప మీద. విడుపు స్నానం అయ్యాక, రాహువు నిజంగా మింగాడా అని అడిగాను. "లెక్కలో రాహువంటే సూర్యుడి దారీ చంద్రుడి దారీ కలిసే చోటురా అబ్బాయ్" అని బలపం తీసి అరుగు మీద గీసి చూపించారు. జపం జపమే, లెక్క లెక్కే. రెండూ ఒక్క మనిషిలో ఉండేవి, ఆయనకి దాంతో ఏ టెన్షనూ లేదు.

ఆర్యభటుడు గ్రహణం నీడేనంటే, 628లో మరో గణిత పండితుడు బ్రహ్మగుప్తుడు రాహువుని కాదంటావా అని ఆయన్ని తప్పుపట్టాడు, కానీ తన గ్రహణం లెక్కలు మాత్రం నీడతోనే కట్టాడు. అలా వాదించుకున్న వాళ్ళ పేరు చెప్పి ఓ పిల్ల నోరు మూయించడమేమిటండీ?

అలాగని మనలోనే ఇంకో వర్గం, ఇదంతా చాదస్తమని కొట్టిపారేసేవాళ్ళు, వాళ్ళతోనూ నాకు పొసగదు. ఆవకాయకి గ్రహణం వల్ల ఏమీ కాదని నాకూ తెలుసు, అయినా ఇక్కడ ఫ్రిజ్ మీద దర్భ వేస్తాను, నాయనమ్మ వేసేది కాబట్టి. దానికి నాసా సర్టిఫికెట్ అక్కర్లేదు. సర్టిఫికెట్ కోసం దేబిరించడం మొదలుపెట్టాకే మన భక్తి పలచబడిందని నా అనుమానం. (మా ఆవిడ ఇది ఒప్పుకోదు.)

కార్యవర్గానికి నా మనవి. 2027 పుష్కరాలకి అన్నదానం, వైద్య శిబిరం ఎలాగూ పెడతాం. కోటిపల్లి రేవులోనో రాజమండ్రిలోనో ఒక టెలిస్కోపు కూడా పెట్టండి. ఆ రోజుల్లో పొద్దుగూకాక పడమట గురుడు ఉంటాడు, మబ్బు పట్టకపోతే నాలుగు చందమామలతో సహా కనిపిస్తాడు. ఎవరి రాకకోసం మునిగామో ఆయన్ని జనం కళ్ళారా చూస్తారు. పక్కన ఒక సిద్ధాంతిగారినీ ఒక ఫిజిక్స్ మాస్టారినీ కూర్చోబెట్టి, మైకు పిల్లల చేతికివ్వండి. డబ్బు చాలకపోతే ఫ్లెక్సీలు తగ్గించండి, నా ఫోటో వాటిలో ఎలాగూ ఉండదు.