ఎవరికి పెద్దపీట?

మా కేపీహెచ్‌బీ అపార్ట్‌మెంట్‌లో ఇప్పటిదాకా గొడవలకు కారణాలు రెండే: నీళ్ల ట్యాంకర్, పార్కింగ్. మూడోది నేను తెచ్చాను, ప్రోగ్రాములు రాసే భాష పైథాన్‌లో.

పోస్టు డబ్బాలకు లేబుళ్లు కొట్టమని ఇంగ్లిష్‌లో పేర్లూ అడ్రసులూ ఉన్న ఎక్సెల్ ఫైలు ఇచ్చారు. కొందరు అన్నీ క్యాపిటల్స్‌లో, కొందరు అన్నీ స్మాల్‌లో రాశారు. సరిచేద్దామని అందులోని 'క్యాపిటలైజ్' అనే ఫంక్షన్ వాడాను. దానిది కచ్చితమైన మర్యాద. మొదటి అక్షరానికి పెద్దపీట వేస్తుంది, మిగతావాళ్ల కింద పీటలు లాగేస్తుంది. మూడో అంతస్తు అంకుల్‌కి ఇనిషియల్స్ మూడు. మొదటిది నిలిచింది. మిగతా రెండూ, వాటి వెనకున్న పేరూ కూలబడ్డాయి. పీహెచ్‌పీ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో 'యూసీ ఫస్ట్' మొదటి అక్షరాన్ని లేపి ఊరుకుంటుంది, మిగతావాళ్ల జోలికి పోదు. ఊరికో న్యాయం.

"ముప్పై ఏళ్లు సర్వీసు చేశానయ్యా. నా పేరు చిన్నది చేయడానికి నువ్వెవరు?" అన్నారు అంకుల్.

ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్దది చేసే 'టైటిల్' ఫంక్షన్ పెట్టాను. చుక్క తర్వాతి ప్రతి ఇనిషియల్‌కీ గౌరవం దక్కింది. కానీ దీని దృష్టిలో అక్షరం కానిది ఏది అడ్డొచ్చినా పాత మాట అయిపోయినట్టే, అంకె అయినా సరే. దాంతో 'సిక్స్త్ ఫేజ్' (6th Phase)లో 6 పక్కన ఒదిగి కూర్చున్న 'టీ' లేచి నిలబడింది. ఆయన రిటైరైన బీహెచ్‌ఈఎల్ మధ్య చుక్కల్లేవు కాబట్టి అది 'భేల్' అయింది. పూరీ ఒక్కటే తక్కువ.

అపాస్ట్రఫీ దగ్గర కూడా ఇలాగే అవుతుందని పైథాన్ డాక్యుమెంటేషన్ ముందే ఒప్పుకుంది. 'ఇక్కడ వాన నీళ్లు నిలుస్తాయి' అని బోర్డు పెట్టేశాక బండి మునిగితే తప్పు మనదే కదా.

దానికి బదులుగా ఆ డాక్యుమెంటేషనే చెప్పిన 'క్యాప్‌వర్డ్స్' కూడా వాడాను. దానికి ఖాళీ జాగా తప్ప ఏదీ కనబడదు. 'టీ' బుద్ధిగా కూర్చుంది, ఇనిషియల్స్ మళ్లీ పడ్డాయి. అసలు కంప్యూటర్ కోసం అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో పెద్ద 'ఏ' నంబరు 65, చిన్న 'ఏ' నంబరు 97. ఇంతకీ ఎవరు పెద్ద?

విసుగొచ్చి పేర్లన్నీ తెలుగులో కొట్టాను. ఏ ఫంక్షనూ వాటిని కదపలేకపోయింది. ఇవి పెద్దక్షరాలా అని 'ఈజ్ అప్పర్'ని అడిగితే ఫాల్స్ అంది. పోనీ చిన్నవా అని 'ఈజ్ లోయర్'ని అడిగినా ఫాల్సే.

అంకుల్ లేబుల్‌ని కళ్లజోడు ఎత్తి, దించి చూశారు. "బాగుంది. మరి నాది కొంచెం పెద్దగా కనబడేదెట్లా?"

ఫాంట్ సైజు 12 నుంచి 14 చేశాను. సాయంత్రానికి రెండో అంతస్తు ఆంటీ వచ్చి 16 అడిగారు.