ఎవరి కోసం బిగబట్టిన ఊపిరి?

2013 ఆగస్టులో నటి అన్నా గన్ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. 'బ్రేకింగ్ బ్యాడ్' సీరియల్ ముగియడానికి అప్పటికి ఇంకా ఐదు వారాలుంది. అందులో ఆమెది కథానాయకుడి భార్య స్కైలర్ వైట్ పాత్ర. స్కైలర్‌ను తిట్టుకోవడానికే ఫేస్‌బుక్‌లో పేజీలు వెలిశాయని, వాటికి వేల లైకులు వచ్చాయని, 'మెడకు గుదిబండ', 'గయ్యాళి' లాంటి మాటలు మామూలైపోయాయని ఆమె రాశారు. అక్కడితో ఆగి ఉంటే పాత్ర మీద కోపం అనుకుని ఊరుకోవచ్చు. ఆ తిట్లు పాత్రను దాటి మనిషి మీదికే వచ్చాయి. అన్నా గన్ ఎక్కడుంటుందో చెప్పండి, చంపేస్తాను అనే అర్థం వచ్చే పోస్టు ఒకటి తన కంటపడిందని కూడా ఆమె చెప్పారు.

సీరియల్ చూడనివారి కోసం రెండు ముక్కలు. చూసే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది, గుట్టంతా విప్పేస్తున్నాను. అమెరికాలోని అల్బుకర్కీ ఊళ్లో వాల్టర్ వైట్ అనే కెమిస్ట్రీ టీచర్‌కు క్యాన్సర్ అని తెలుస్తుంది. పోయేలోగా ఇంట్లోవాళ్లకు నాలుగు డబ్బులు మిగల్చాలని మెత్ అనే మత్తుమందు తయారీలోకి దిగుతాడు. 2008 జనవరి నుంచి 2013 సెప్టెంబరు దాకా ఏఎంసీ చానల్‌లో 62 ఎపిసోడ్లు నడిచింది. ఆ ప్రయాణంలో అతను తన భాగస్వామి జెస్సీ ప్రియురాలు కళ్లెదుటే ఊపిరాడక చచ్చిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఒక పిల్లాడికి విషం పెట్టాడు. జైళ్లలో ఉన్నవాళ్లను వరసపెట్టి చంపించాడు. భార్య చేసిన నేరం? నిజం చెప్పమని అడిగింది, విడాకులు ఇమ్మంది, మరొకడితో సంబంధం పెట్టుకుంది, ఆ తర్వాత గత్యంతరం లేక భర్త డబ్బు దాచిపెట్టింది. జనం ఎక్కువగా తిట్టింది ఆవిడనే.

ఎందుకలా అంటే రెండు జవాబులు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. ఆడవాళ్లంటే చులకన అని ఒకటి. ఆ ప్రేక్షకులకు కథ తలకెక్కలేదని ఇంకొకటి. మొదటిదాంట్లో నిజముంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోలేను. రెండో సీజన్‌లో నాలుగు ఎపిసోడ్ల పేర్లు కలిపి చదివితే ఊరి మీద విమానం కూలబోతోందని అర్థమొస్తుందని పట్టుకున్నది అభిమానులే. నాలుగో సీజన్ చివర్లో, పెరట్లో బల్ల మీద వాల్టర్ గిర్రున తిప్పిన తుపాకీ ఆఖరుసారి ఏ విషపు పూలమొక్క కుండీ వైపు ఆగిందో చూసి, పిల్లాడికి విషం పెట్టింది ఎవరో వారం ముందే ఊహించినవాళ్లూ ఉన్నారు. తెర మూలన ఉన్న కుండీని వదలని కళ్లు, తెర మధ్యలో భయంతో వణుకుతున్న మనిషిని ఎందుకు చూడలేకపోయాయి?

నా ఉద్దేశంలో అసలు సంగతి టెన్షన్‌లో ఉంది. టెన్షన్ అనగానే కథకు పైపూతగా వేసే మసాలా అనుకుంటాం. అది చేసే పని వేరు. మనల్ని ఒకరి పక్షాన చేర్చుకుంటుంది, అదీ మన అనుమతి లేకుండానే. ఎవరి కోసం ఊపిరి బిగబట్టామో వాళ్లు మనవాళ్లైపోతారు. మంచీచెడూ లెక్క ఆ తర్వాత, తీరిక దొరికితే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. సస్పెన్స్ అనగానే అందరికీ సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు గుర్తొస్తుంది, అది ఉందని అక్కడ కూర్చున్నవాళ్లకు తెలియదు, మనకు తెలుసు. దర్శకుడు ట్రూఫోతో జరిపిన అదే సంభాషణల్లో ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు, దాన్ని తక్కువమంది తలుచుకుంటారు. ఒకడు పరాయి వాళ్ల గదిలో దూరి సొరుగులు వెతుకుతున్నాడు. ఆ గదిలో ఉండే మనిషి మెట్లెక్కి వస్తున్నట్టు చూపించి, కెమెరాను మళ్లీ గదిలోకి తెస్తే చాలు. ఎవరో వస్తున్నారు, జాగ్రత్త అని దూరినవాడినే హెచ్చరించాలనిపిస్తుంది మనకు. వాడు మనకు నచ్చే మనిషి కానక్కర్లేదు. ఆ గది సొంతదారు పాపం ఏ తప్పూ చేయలేదు, తన గదికి తను వస్తున్నాడు. అయినా ఆ క్షణంలో మనకు అడ్డు అతనే. స్కైలర్ ఐదు సీజన్ల పాటు ఆ మెట్లెక్కుతూనే ఉంది.

ఈ పక్షపాతాన్ని సీరియల్ తీసినవాళ్లు తెలిసే పెంచారని, తెలిసే దెబ్బకొట్టారని చెప్పడానికి 2012 ఆగస్టు 12న వచ్చిన 'డెడ్ ఫ్రైట్' ఎపిసోడ్ ఒక్కటి చాలు. వాల్టర్ ముఠా ఎడారిలో గూడ్సు రైలును ఆపి, ట్యాంకులోంచి మెత్ తయారీకి కావలసిన రసాయనం తోడేసుకుని, తూకం తేడా రాకుండా అన్ని నీళ్లు నింపేయాలి. దొంగతనం జరిగినట్టు కూడా ఎవరికీ తెలియకూడదు. పైగా ఎవరి ప్రాణమూ పోనక్కర్లేని పథకం, మన మనస్సాక్షికి అడ్డం లేకుండా దారి ముందే చదును చేసి పెట్టారు. పట్టాల మీద లారీ చెడిపోయినట్టు నటించి రైలును ఆపుతారు. తోడటం మొదలవుతుంది. ఇంతలో దారినపోయే ఒక పెద్దమనిషి బండి దిగి, పాపం సాయం చేద్దామని, లారీని వెనక నుంచి నెట్టి పట్టాల మీంచి తప్పించేస్తాడు. ఆ సీరియల్ మొత్తంలో అడగకుండా మేలు చేసిన కొద్దిమందిలో అతనొకడు. అతని మీద నాకొచ్చిన కోపం నాకిప్పటికీ గుర్తుంది.

రైలు కదలబోతోంది. దూరం నుంచి కాపలా కాస్తున్న మైక్ అనే ముఠా మనిషి ఆపేయమంటాడు. వాల్టర్ ఒప్పుకోడు, ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అంటాడు. రైలు కదిలిపోతుంటే జెస్సీ పట్టాల మధ్య వెల్లకిలా పడుకుంటాడు. టాడ్ అనే కుర్రాడు పైనుంచి దూకుతాడు. అయిపోయింది, గెలిచారు, అరుపులు, గంతులు. మోటారు కట్టేస్తారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. వెనక్కి తిరిగి చూస్తే కొంచెం దూరంలో చిన్న మోటారుసైకిల్ మీద ఒక పిల్లాడు. ఎపిసోడ్ మొదట్లోనే అతన్ని చూపించారు. ఇసుకలో పెద్ద సాలీడు దొరికితే గాజుసీసాలో వేసుకుని, రైలు కూత విని అటు చూసిన పిల్లాడు. నలభై నిమిషాల టెన్షన్‌లో మనం అతన్ని పూర్తిగా మర్చిపోయాం. పిల్లాడు చెయ్యి ఊపుతాడు. టాడ్ కూడా ఊపుతాడు. తర్వాత తుపాకీ తీసి కాల్చేస్తాడు.

ఈ సన్నివేశానికి జనం ఇచ్చిన రియాక్షన్ వీడియోలు చూడటం నాకో వ్యసనం. దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. రైలు వెళ్లిపోగానే గాల్లోకి పిడికిళ్లు లేస్తాయి. ఇరవై ముప్ఫై సెకన్లలో అవే చేతులు నోటి మీదికి వస్తాయి. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు, తేలు కుట్టిన దొంగల్లా కూర్చుంటారు. తేరుకున్నాక టాడ్‌ను తిట్టడం మొదలుపెడతారు. టాడ్ ఏం చేశాడు? ఎవరికీ తెలియకూడదు అన్న నియమాన్ని అక్షరాలా పాటించాడు. ఆ నియమం పెట్టినవాళ్లు పక్కనే ఉన్నారు. అది నెగ్గాలని సోఫా అంచున కూర్చుని కోరుకున్నది మనం.

అయితే ఈ వాదనకు ఒక చిక్కుంది. వాల్టర్‌కు అడ్డు స్కైలర్ ఒక్కతే కాదు. తోడల్లుడు హ్యాంక్ మత్తుమందుల నిరోధక విభాగంలో అధికారి, మొదటి రోజు నుంచీ వెతుకుతున్నది ఇతన్నే. మరి అభిమానులు హ్యాంక్‌ను ఎందుకంత ప్రేమించారు? 2012 సెప్టెంబరు 2న హ్యాంక్ బాత్రూంలో కూర్చుని ఒక కవితల పుస్తకం తిరగేస్తూ, అట్ట లోపలి నాలుగు మాటలు చూసి నిజం గ్రహిస్తాడు. తర్వాతి ఎపిసోడ్ వచ్చింది 2013 ఆగస్టు 11న. ఆ పదకొండు నెలలూ, ఈ ఇద్దరూ ఎదురుపడితే ఎలా ఉంటుందన్న ఆత్రుతే తప్ప హ్యాంక్ మీద కసి కనిపించదు. తేడా ఎక్కడుందంటే, వెంటాడేవాడు ఆటలో ఉన్నాడు. వాడు లేకపోతే ఆటే లేదు. స్కైలర్ ఆట ఆపమంటోంది. దొంగాపోలీసు ఆడుకుంటున్న పిల్లలకు పోలీసు మీద కోపం రాదు, చీకటి పడింది ఇంట్లోకి రండని పిలిచే అమ్మ మీద వస్తుంది.

మొదటి జవాబు దగ్గరికి వస్తానన్నది ఇందుకే. ఆట ఆపుదామన్నది ఆవిడొక్కతే అయితే నా వాదన ఇక్కడితో సరిపోయేది. చివరి సీజన్‌లో జెస్సీ కూడా చాలిద్దాం అంటాడు, డబ్బు విసిరి పారేస్తాడు, ఏడుస్తాడు. అతన్ని జనం గుండెల్లో పెట్టుకున్నారు. అదే మాట మొగవాడు అంటే పశ్చాత్తాపం, భార్య అంటే సాధింపు. టెన్షన్ మనల్ని వాల్టర్ వెనకాల నిలబెడుతుంది, అంతవరకే దాని పని. అక్కడ నిలబడి ఎవర్ని ఏ మాటలతో తిట్టాలో నేర్పేది టెన్షన్ కాదు. ఆ మాటలు మన దగ్గర ముందునుంచే ఉన్నాయి.

ఆ మాటలనే సీరియల్ తిరిగి మన చెవిలో వేసిన ఘట్టం ఒకటుంది. 2013 సెప్టెంబరు 15న వచ్చిన 'ఓజీమాండియాస్' ఎపిసోడ్ అది. హ్యాంక్ చనిపోయాడు. ఇంట్లో కత్తి పట్టుకుని పెనుగులాట జరిగింది, కొడుకు తల్లికి అడ్డంగా నిలబడి పోలీసులకు ఫోన్ చేశాడు, వాల్టర్ చంటిపిల్లను ఎత్తుకుని పారిపోయాడు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తాడు. ఇంటి నిండా పోలీసులు. భార్యను నోటికొచ్చినట్టు తిడతాడు. ఎప్పుడూ సణుగుడే, ఎప్పుడూ ఏడుపే, నేను చేసినదానికి విశ్వాసం లేదు, నీకు తెలివి లేదు, ఇదంతా కట్టింది నేనొక్కడినే అంటాడు. అప్పటికి మూడు నాలుగేళ్లుగా అభిమానులు స్కైలర్ గురించి రాస్తున్న మాటలే ఇంచుమించుగా అవి.

కెమెరా అతని ముఖం మీద నిలుస్తుంది. గొంతు బుసలు కొడుతోంది, కళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి. పోలీసులు వింటున్నారని అతనికి తెలుసు. భార్య బెదిరింపుల కింద నలిగిన అమాయకురాలు అని వాళ్లు నమ్మేలా మాట్లాడుతున్నాడు. సగంలో స్కైలర్‌కు కూడా అది అర్థమైనట్టు ఆమె కళ్లలో కనిపిస్తుంది. క్షమించు అంటుంది మెల్లగా. ఆ మాట పోలీసులకు ఒకలా, అతనికి ఇంకోలా వినిపిస్తుంది.

ఆ రాత్రి ఈ ఫోన్ కాల్ దగ్గర జనం రెండుగా చీలిపోయారు. ఇన్నాళ్లకు గడ్డి పెట్టాడురా అని చప్పట్లు కొట్టినవాళ్లు కొందరు. అది నాటకమని, భార్యను కేసు నుంచి తప్పించడానికని వాళ్లకు విడమరచి చెప్పినవాళ్లు కొందరు. నేను మూడో చోట ఉన్నాను. అది నాటకమే, కానీ ఉత్త నాటకం కాదు. అంత సులువుగా నోట్లోంచి వచ్చే తిట్లు ఎక్కడో నిల్వ ఉన్నవే అయ్యుండాలి. ఈ ఎపిసోడ్ రాసిన మొయిరా వాలీ బెకెట్‌కు మరుసటి ఏడాది టీవీ రంగంలో పెద్ద అవార్డు ఎమ్మీ వచ్చింది. అన్నా గన్‌కు 2013లోనూ, 2014లోనూ రెండుసార్లు వచ్చింది.

అభిమానుల ఉత్సాహమంతా ఇంత చేదైనదని కాదు. 2010లో ఒక ఎపిసోడ్‌లో వాల్టర్ కోపంతో పిజ్జా విసిరితే అది ఇంటికప్పు మీద పడి అక్కడే ఉండిపోతుంది. షూటింగ్ జరిగిన ఆ ఇల్లు నిజంగా ఒక కుటుంబం ఉంటున్న ఇల్లు. అభిమానులు వెళ్లి కప్పు మీదికి పిజ్జాలు విసరడం మొదలుపెట్టారు. ఇందులో కొత్తదనం లేదు, దయచేసి మానండి అని 2015లో సీరియల్ సృష్టికర్త విన్స్ గిల్లిగన్ బతిమాలుకోవాల్సి వచ్చింది. చివరికి ఇంటివాళ్లు కంచె కట్టుకున్నారు. నవ్వొచ్చే విషయమే, కానీ కంచె వెనక ఉన్నవాళ్లకు కాదు.

ఇంతకు ముందు, టోనీ అనే మాఫియా నాయకుడి కథ 'సొప్రానోస్' సీరియల్ ముగింపుకూ ఇలాంటి గొడవే జరిగింది. 2007 జూన్ 10న ఆఖరి ఎపిసోడ్ మధ్యలో తెగినట్టు తెర నల్లబడింది. కేబుల్ పోయిందనుకుని చాలామంది రిమోట్ కోసం తడుముకున్నారు, తర్వాత మండిపడ్డారు. ఇన్నాళ్లూ టోనీ దోచుకుంటుంటే, చంపుతుంటే మురిసిపోయి చూసినవాళ్లే ఇప్పుడు అతనికి శిక్ష పడాలంటున్నారని దాని సృష్టికర్త డేవిడ్ చేజ్ విసుక్కున్నాడు. ఆయన విసుగు అర్థమవుతుంది గానీ పూర్తిగా న్యాయం కాదు. మురిసిపోయేలా తీసింది ఆయనే కదా.

ఇప్పుడు వారం వారం ఎదురుచూపులు తగ్గాయి, సీజన్ మొత్తం ఒక్క రాత్రిలో చూసేస్తున్నారు. దానివల్ల కోపం గూడు కట్టుకోవడానికి టైం దొరకడం లేదేమో. రెండోసారి చూసినవాళ్లలో స్కైలర్ గురించి మాట మార్చినవాళ్లు నాకు చాలామందే తగిలారు. వాళ్లలో ఒక మిత్రుడు మొదటిసారి ఆవిడ తెర మీదికి రాగానే ముందుకు జరిపేసే రకం. ఈమధ్య ఇద్దరం కలిసి మళ్లీ చూస్తున్నాం. 'ఫిఫ్టీ వన్' అనే ఎపిసోడ్ వచ్చింది. పిల్లల్ని ఇంటి నుంచి దూరంగా పంపాలని ఆవిడ వేసే ఎత్తులన్నీ భర్త ఒక్కొక్కటే చిత్తు చేస్తాడు. ఇక మిగిలింది ఒక్కటే, ఎదురుచూడటం అంటుంది. దేనికోసం అని అడుగుతాడు. నీ క్యాన్సర్ తిరగబెట్టడం కోసం అంటుంది. మొదటిసారి ఆ మాటకు మండిపడ్డ నా మిత్రుడు ఈసారి పాజ్ నొక్కాడు. "ఆవిడకు ఇంకో దారేముందిరా?" అన్నాడు.

ఆ తర్వాతి ఎపిసోడ్ రైలుది. ఏం జరగబోతోందో ఇద్దరికీ తెలుసు. పిల్లాడు, గాజుసీసా, సాలీడు అన్నీ మొదట్లోనే కనిపించాయి, వాడు అయ్యో అన్నాడు కూడా. పెద్దమనిషి బండి దిగి లారీని నెట్టడానికి వచ్చేసరికి వాడి చెయ్యి సోఫా అంచును గట్టిగా పట్టుకుంది. "వీడొకడు మధ్యలో" అని గొణిగాడు.